సుబేదారు కుమారుడు: బ్రహ్మర్షి రఘుపతి వెంకటరత్నము నాయుడుగారి జీవితము



రఘుపతి వెంకటరత్నము నాయుడుగారి నామధేయము విననివారు మనలో నుండరు. మన సభలయందు వారి పటమునకు పూలమాల వేయుట పరిపాటియే. వారు బ్రహ్మసమాజ ప్రచారకులనియు, కాకినాడ కళాశాలకు అధ్యక్షులనియు, మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్-ఛాన్సలరనియు పిన్నలు సైతము చెప్పగలరు. అయినను వారి జీవితమున మొదటి సంగతిని మనము తరచుగ మరచుచున్నాము. వారు ఒక సుబేదారు కుమారులు. దండులో పెరిగిన బిడ్డలు. ఈ సంచికకు వారి చరిత్రమును వ్రాయుమని కోరినప్పుడు నేను ఈ వైపునుండియే ప్రారంభింపవలెనని నిశ్చయించుకొంటిని. ఏలయనగా ఎర్రగడ్డ మొదలు బొల్లారము వరకు మన కుటుంబములలో సైన్యమున సేవచేసి వచ్చినవారును, ఇప్పుడును సరిహద్దులయందున్నవారును పెక్కుమంది కలరు. వారి బిడ్డల చదువు వారికి నిత్యచింత.

సుబేదారనగా నేమో నేటి బాలురకు తెలియకపోవచ్చును. ఆంగ్లేయుల కాలమున దేశీయుడు పల్టనులో ఎక్కదగిన పై మెట్లలో నది యొకటి. పదునేండ్లు, ఇరువదియేండ్లు సేవచేసి, యుద్ధములు చూచి, తల నెరసిన పిమ్మట గాని ఆ పదవి లభించెడిది కాదు. లభించినను నిన్నమొన్న ఓడ దిగిన దొరబిడ్డకు ఆ సుబేదారు లోబడియే యుండవలెను. గౌరవము కలదు, అధికారము కొద్ది, జీతము అంతకంటెను కొద్ది. శస్త్రవిద్యకే ఆచార్యుడైన ద్రోణుని యింట అశ్వత్థామ పాలకు మారుగ పిండినీళ్లు త్రాగిన కథ మనకు తెలియును గదా! ఆయుధము పట్టినవాని శౌర్యము వేరు, వాని బిడ్డ కంచములోని యన్నము వేరు. ఆ బిడ్డ చేతిలోని పుస్తకము మరియు వేరు.

కుంఫిణీవారి నాటినుండియు మద్రాసు సైన్యమున తెలుగువారు విశేషముగ నుండిరి. ఉత్తరదేశమున సిపాయికి తిలంగా యను పేరు వచ్చినది మనవారిని బట్టియే. మన తెలగ కుటుంబములకు సైనికవృత్తి అంతకు ముందునుండియు కలదు. రఘుపతివారి పూర్వులును జమీందారుల కొలువులయందు సేనానాయకులుగ నుండినవారే. మద్రాసు సైన్యమున కొక విశేషము కలదు. బంగాళపు సిపాయి ఆలుబిడ్డలను స్వగ్రామమున విడిచి పోవును. మద్రాసు సిపాయి వారిని వెంట గొనిపోవును. పల్టను కదలినప్పుడెల్ల బండ్లపై కుండలు, చాపలు, పసిపిల్లలు, ముసలితల్లులు గూడ కదలుదురు. కావున సిపాయి బిడ్డకు ఊరనునది లేదు. నేడు కాంప్టీ, రేపు సికిందరాబాదు, ఎల్లుండి బళ్లారి. వీథిబడిలో పెద్దబాలశిక్ష సగమైనను కాకమునుపే బండి కట్టవలసివచ్చును.

ఆ సైన్యమున మరియొక ఆచార ముండెను. మృతులైన సిపాయిల కుమారులను, సేవలోనున్న వారి కుమారులను కొందరిని చిన్న జీతముపై పల్టను పట్టీలో చేర్చుకొనెడివారు. వారికి పల్టను బడిలో నాలుగక్షరములును, మైదానమున కవాతును నేర్పి, ఈడు రాగానే తుపాకి చేతికిచ్చెడివారు. ఇది దయయు నగును, లెక్కయు నగును. తండ్రి పోయిన యింట ఆ నాలుగు రూపాయలు ప్రాణము నిలిపినమాట నిజము. కాని ఆ చదువునకు ద్వార మొక్కటే. ఎటు పోయినను మరల ఆ పల్టనులోనికే తెరచుకొనును. సిపాయి కుమారుడు సిపాయి కావలెననుటయే దాని తాత్పర్యము.

నాయుడుగారి తండ్రి అప్పయ్యనాయుడుగారికి ఈ దారి కంటియెదుట నుండెను. ఆయన దానిని పట్టక కుమారుని పాఠశాలలకు పంపెను. నా యభిప్రాయమున ఈ చరిత్రమున కంతటికిని మూల మీ యొక్క నిర్ణయమే. తక్కినదంతయు దానినుండి పుట్టినది.

వెంకటరత్నముగారు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తల్లి శేషమ్మగారు. తండ్రి ఉద్యోగము ఉత్తరమున నుండుటచే బాల్యవిద్య మధ్యపరగణాలలోని చాందాలో జరిగెను. అచ్చట తెలుగు బడి యెక్కడిది? హిందీ, ఉర్దూ, పారసీకములలో అక్షరాభ్యాసమయ్యెను. దండున వాడుక భాష హిందూస్థానీయే గనుక ఇంటి వాకిటను అదే వినబడుచుండెను. ఇల్లు తెలుగు, వీథి హిందూస్థానీ, బడి పారసీకము. పిమ్మట తండ్రి హైదరాబాదునకు రాగా నిచ్చటి పాఠశాలలో ఆంగ్లము. నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగ నుండి ఇట్టి బాలురను చూచియున్నాను. మూడు నాలుగు పాఠశాలల బదిలీపత్రములు చేతబట్టుకొని సంవత్సరము నడుమ వచ్చి చేరుదురు. లెక్కలలో రెండధ్యాయములు తప్పిపోయియుండును. చరిత్రలో ఒకటే అధ్యాయమును రెండుమార్లు చదివియుందురు. తెలుగు వ్రాయలేరు. అట్టివారిని మందబుద్ధులని కట్టివేయుట ఉపాధ్యాయునకు మిక్కిలి సులభమైన పని. వారిలో భాషలు నేర్చుకొను నేర్పును, క్రొత్తవారియెదుట జంకని గుణమును కలవని గ్రహించుటకు కొంత ఓపిక కావలెను. నాయుడుగారి ఆంగ్లవక్తృత్వమును విని దొరలు సైతము తల లూచిరన్నచో, ఆ చెవి చాందా దండులో తయారైనదని నేను తలంతును.

ఇచ్చట కొంచెము ప్రక్కకు పోవుటకు పాఠకులు క్షమింతురు గాక. అప్పయ్యనాయుడుగారి కాలమున సైనికుని బిడ్డకు పై చదువులకై ప్రభుత్వ మిచ్చు సాయము లేదు. తండ్రి జీతమే ఆధారము. ఇప్పటి స్థితి వేరు. మాజీ సైనికుల బిడ్డలకును, మృతులైన వారి భార్యలకును వృత్తివిద్యలు చదువుటకై ప్రధానమంత్రి పేర నొక విద్యార్థివేతనము 2006-07 నుండి నడచుచున్నది. కేంద్రీయ సైనిక బోర్డువారు ఏటేట 5,500 మందిని ఎన్నుకొని, 2019 నుండి బాలికలకు నెలకు 3,000 రూపాయలు, బాలురకు 2,500 రూపాయల వంతున ఇచ్చుచున్నారు. అర్హతా పరీక్షలో నూటికి 60 మార్కులుండవలెను. హవల్దారు హోదా వరకు పనిచేసి విరమించిన నిరుపేదలకు, ఇద్దరు బిడ్డలకు మించకుండ, ఒకటవ తరగతి మొదలు పట్టభద్రులగు వరకు ఇచ్చు గ్రాంటు మరియొకటి కలదు. అది తలకు నెలకు 1,000 రూపాయలుగ నుండి, 2025 నవంబరు 1 మొదలు 2,000 రూపాయలైనది. విజయనగరము చెంతనున్న కోరుకొండ సైనిక పాఠశాల 1962 నుండి కలదు. సైనిక పాఠశాలలయందు కొన్ని స్థానములు సైనికుల బిడ్డలకు ప్రత్యేకింపబడినవి. ఎర్రగడ్డనుండి పంజాగుట్ట మీదుగ గడియలో సోమాజిగూడ చేరవచ్చును. సైనిక సంక్షేమ శాఖవారి కార్యాలయ మచ్చటనే యున్నది. అయినను మన యిండ్లలో ఈ సంగతి తెలియక గడువు దాటినవారిని నేనెరుగుదును. మేజరుగారి బిడ్డలకు ఎవరును చెప్పనక్కరలేదు. నాయకు హోదాలో విరమించి, రాత్రికాపరి పని చేసికొనువాని బిడ్డలకే చెప్పవలసియున్నది.

ఇక చరిత్రమునకు వత్తము.

హైదరాబాదున ప్రవేశపరీక్ష చదువు ముగిసిన పిదప నాయుడుగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. దాని అధ్యక్షుడు విలియం మిల్లరు దొర. ఆయన శిష్యుల మనస్సులో పాఠముకంటె ముందుగ శీలమును నాటెడి గురువు. నాయుడుగారు క్రైస్తవము స్వీకరింపలేదు. బ్రహ్మసమాజము వైపు మొగ్గిరి. విగ్రహారాధనమును, కులభేదమును విసర్జించి, ఏకేశ్వరోపాసనమును, సాంఘిక పావిత్ర్యమును వ్రతముగ గైకొనిరి. భోగముమేళముల నిషేధమునకై వారు చేసిన ప్రచారము ఆనాటి సంపన్నులకు ఎంత కంటగింపైనదో ఊహింపవచ్చును. కందుకూరి వీరేశలింగము పంతులుగారికి వారు సహచరులై నిలిచిరి. యౌవనముననే భార్య గతింపగా మరల వివాహమాడక, తెల్లని వస్త్రములు ధరించి, శేషజీవితమంతయు బ్రహ్మచర్యముననే గడపిరి.

వారు మద్రాసున చదువుచున్న ఆ దినములలోనే మన కుటుంబములకు సంబంధించిన మరియొక సంగతి ఆ నగరముననే జరిగినది. 1881 మొదలు 1885 వరకు రాబర్ట్సు దొర మద్రాసు సైన్యమునకు సేనాపతిగ నుండెను. దక్షిణదేశీయులు, అందు సముద్రతీరపు తెలుగువారు, యుద్ధమునకు తగిన జాతులు కారని ఆయన తలచెను. పిదప ఆయన దేశమునకంతకు సర్వసేనాపతి కాగా ఆ తలంపే విధానమయ్యెను. మద్రాసు పల్టనులు కొన్ని రద్దయ్యెను. కొన్నింట మనవారికి మారుగ పంజాబీలను చేర్చిరి. 1895లో మూడు రాజధానుల సైన్యములును ఒకటి చేయబడెను. శ్రీరంగపట్టణమునందును, బర్మాయందును రక్తము చిందించిన పల్టనుల మనుమలకు సైన్యద్వారము మూసికొనిపోయెను. తరతరముల జీవనోపాధి ఒక సేనాపతి కలపుపోటుతో పోయినది. ఈ అన్యాయమును మన పెద్దలు తగినంతగ వ్రాసిపెట్టలేదని నాకు కొంత కష్టముగ నున్నది. రెండవ ప్రపంచయుద్ధము వచ్చి మనుష్యులు చాలనప్పుడు గాని దక్షిణదేశీయుల శౌర్యము వారికి మరల జ్ఞప్తికి రాలేదు.

అప్పుడు కొలువు పోయిన యిండ్లలో కత్తులు గోడల నెక్కెను. కొందరు నాగలి పట్టిరి, కొందరు పోలీసు బంట్రోతులైరి. చదువుకొన్నవా డొక్కడున్న యిల్లు నిలిచెను. అప్పయ్యనాయుడుగారు ఈ మార్పు ముందుగ నెరిగి కుమారుని చదివించిరని చెప్పుటకు నేను సాహసింపను. ఎరిగినను ఎరుగకున్నను ఫలము మాత్రము ఒకటే యైనది.

నాయుడుగారు 1891లో ఎం.ఏ. పట్టమును పొంది, ఉపాధ్యాయవృత్తినే వరించి, కొంతకాలమునకు జన్మస్థలమైన బందరునందలి నోబుల్ కళాశాలలో చేరిరి. అచ్చట వారి శిష్యులైన బాలురు ముగ్గురి పేర్లు చెప్పిన చాలును: భోగరాజు పట్టాభిసీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు. కృష్ణాపత్రికయు, 1910లో వెలసిన ఆంధ్రజాతీయ కళాశాలయు వీరి చేతిమీదుగ వర్ధిల్లినవి. ప్రభుత్వమునెడల గురువుగారి దృష్టి వేరు, శిష్యుల మార్గము వేరు. అయినను వారు గురుభక్తిని విడువలేదు, గురువు వారిని విడువలేదు. ఇట్టి సంబంధము ఉపాధ్యాయులలో పలువురకు దొరకదు.

1899లో వారు సికిందరాబాదు మహబూబు కళాశాలకు అధ్యక్షులై వచ్చిరి. మన నగరవాసులకు ముఖ్యమైన భాగమిదియే. సికిందరాబాదు 1806లో దండు విడిదిగ పుట్టిన ఊరు. మూడవ నిజాము సికందరుజాపేరు దానికి పెట్టిరి. దండు బజారులలో బట్టల వర్తకులు, గుమాస్తాలు, పింఛనుదార్లు, సిపాయిలు, వారి బిడ్డలు. ఇట్టి బిడ్డలకై సోమసుందర మొదలియారుగారు 1862లో నెలకొల్పిన పాఠశాలయే పిదప మహబూబు కళాశాలయైనది. నాయుడుగారు పుట్టినదియు ఆ సంవత్సరమే యగుట విచిత్రము. 1893 ఫిబ్రవరిలో వివేకానందస్వామి అమెరికా పోవుటకు ముందు ఉపన్యసించినది ఈ కళాశాలయందే.

దండులో పెరిగిన బాలుడు దండు పాఠశాలకే ప్రధానాచార్యుడై వచ్చెనన్నమాట. అచ్చటి బాలురలో తెలుగువారు, అరవలు, మహారాష్ట్రులు, ముసల్మానులు నుండిరి. చాందాలో నేర్చిన హిందీ, ఉర్దూలు ఇచ్చట అక్కరకు వచ్చియుండును. తండ్రి పల్టనుతో పోయినప్పుడు బిడ్డ చదువు ఏమగునో పుస్తకములు చూచి తెలిసికొనవలసిన అవసరము ఆయనకు లేదు. ఆ కళాశాలను వారు అయిదేండ్లు నడిపిరి. నేటికిని ఆ గంటస్తంభపు కట్టడము ముందునుండి పోవునప్పుడు మనవా రొకరు ఇచ్చట పాఠము చెప్పిరని ఎందరికి తోచునో!

కాని వారి జీవితమున ఫలకాలము కాకినాడయందే గడచినది. పిఠాపురపు రాజావారి కళాశాలకు వారు అధ్యక్షులై సుమారు పదునేనేండ్లు, 1919 వరకు నుండిరి. పిఠాపురాధీశ్వరులైన రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దరువారు నాయుడుగారిని గురుభావముతో చూచిరి. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎవరి పేర వెలసెనో ఆ మహారాజే వీరు. సంపదయు సంకల్పమును ఒకచో కూడుట అరుదు; కాకినాడలో నవి కూడినవి. బ్రహ్మమందిరము వెలసెను. అనాథశరణాలయము వెలసెను. ఆనాడు పంచములని దూరముంచబడిన బాలురకు వసతిగృహ మేర్పడెను. వారికి కళాశాలలో ఉచితవిద్య లభించెను. ఆడపిల్లలకు కళాశాల తలుపులు తెరవబడెను. బాలురతో కలిసి బాలికలు చదువుట యనిన ఊరు ఊరంతయు ఉలికిపడిన కాలమది.

నాయుడుగారి జీతము ఎంతయో దానిలో తమకై వాడుకొనినది స్వల్పము. తక్కినదంతయు బీదవిద్యార్థుల జీతములకును, పుస్తకములకును, భోజనమునకును పోయెడిది. అనాథ బాలబాలికలు వారి యింటనే పెరిగిరి. వారిలో కులమేదని అడుగుట ఆ యింట నిషిద్ధము. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు, గుడిపాటి వేంకటచలముగారు ఆ కళాశాలలో చదివి, ఆ వాతావరణమును చవిచూచినవారే. చలముగారు పిదప ఎంత దూరము పోయిరో లోకవిదితము. గురువు గీచిన గీత శిష్యుడు దాటకుండుట యెప్పుడును జరుగదు.

ఇచ్చట నొక్క మాట చెప్పక తప్పదు. కొందరకు రుచింపకపోవచ్చును. మనము కులసంఘముగ కూడి వారిని మనవారని చెప్పుకొనుచున్నాము. చెప్పుకొనుటలో తప్పులేదు, వారి జన్మ మన తెలగవారి యింటనే. కాని వారు కులమును బుద్ధిపూర్వకముగ త్యజించినవారు. మన సభకు పిలిచినచో వచ్చియుందురో లేదో! వచ్చినను, వసతిగృహమున ఎవరి బిడ్డలకు చోటిచ్చితిరని మొదట అడిగియుందురు. లోకము వారికి కులపతి యని బిరుదిచ్చినది. ఆ పదమును మన సంఘ నాయకత్వమున కన్వయించి వారిని కులమునకు పతి యని వ్యాఖ్యానించినవారిని విన్నాను. అది శబ్దార్థము తెలియని మాట. ప్రాచీనుల పరిభాషలో కులపతియనగా పదివేల శిష్యులకు అన్నపానాదులిచ్చి పోషించి, విద్య గరపెడి ఆచార్యుడు. అందలి కులము గురుకులమే గాని జాతి కాదు. అన్నము పెట్టుట ముందు, పాఠము చెప్పుట వెనుక; నిర్వచనమున వరుసయే యట్లున్నది. కాకినాడలో వారు చేసినదియు నదియే. కావున వారి పేర విద్యాసహాయము చేయదలచిన పోషకులెవరైనను, సైనికుని విధవకును, విరమించిన సిపాయి బిడ్డకును సాయము చేయునప్పుడు వారి యింటిపేరు విచారింపకుందురేని ఆ పేరునకు తగియుండును. సరిహద్దున తుపాకి గుండు కులము విచారించి తగులదు గదా.

బిరుదములను గూర్చి పెంచి వ్రాయను. ప్రభుత్వమువారు రావుబహద్దరనిరి, దివానుబహద్దరనిరి, 1924లో సర్ అనిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గౌరవ డాక్టరు పట్టము నిచ్చెను. శిష్యులు బ్రహ్మర్షి యనిరి, అపర సోక్రటీసనిరి. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్-ఛాన్సలరుగ నియమింపబడిరి. సుబేదారు సలాము చేయవలసిన రాజధానీ నగరమున సుబేదారు కుమారుడు పట్టభద్రులకు పట్టము లిచ్చు స్థానమున నుండెను. మరుసటి సంవత్సరము 1926లో ఆంధ్రులకు వేరుగ విశ్వవిద్యాలయ మేర్పడి, కట్టమంచి రామలింగారెడ్డిగారు దానికి మొదటి వైస్-ఛాన్సలరైరి. ఒకేకాలమున రెండు విశ్వవిద్యాలయముల పగ్గములు ఇద్దరు తెలుగువారి చేత నుండెను. ఇద్దరును మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థులే.

పదవీకాలము ముగిసిన పిదప కాకినాడయే వారికి నివాసము. ఉపాసనలు, ఉపన్యాసములు, అనాథబాలుర పోషణము, ఇవియే దినచర్య. 1939 మే 26వ తేదీన, డెబ్బదియారేండ్ల వయస్సున దేహము చాలించిరి. మూడు మాసములు దాటగానే రెండవ ప్రపంచయుద్ధము ప్రారంభమై, తెలుగు జిల్లాలలో మరల సిపాయిలను చేర్చుకొను బల్లలు వేయబడెను. పిఠాపురపు రాజావారి కళాశాల పిదప ప్రభుత్వకళాశాలయై, కాకినాడలో నేటికిని నడచుచున్నది. సికిందరాబాదున మహబూబు కళాశాల ప్రాంగణమునను బాలబాలికలు చదువుచునే యున్నారు.